ముప్పై రెండో టాబ్

పన్నెండూ నలభైకి నేను ఆ స్కూలు గేటు దాటాను. నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. మధ్యలో ఉన్నది మూడు గంటల ఇరవై నిమిషాలు. అంతకంటే తక్కువ వ్యవధిలో అంతకంటే ఘనమైన దొంగల్ని పట్టుకున్న చరిత్ర నాకుంది. కానీ ఈసారి అందరూ వేలెత్తి చూపిస్తున్నది నాకు ఎక్కాలు నేర్పిన మనిషిని. 

నన్ను పిలిపించింది మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, ఆ స్కూలు హెడ్‌మిస్ట్రెస్. నేను డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచిన రోజున "మొగుడి కళ్లజోడు ఎక్కడుందో కనిపెట్టలేవు, నీకు ఊళ్లోవాళ్ల గొడవలెందుకమ్మా" అని దీవించిన మనిషి. ఈ ఉదయం ఫోన్లో మాత్రం "ఒక్కసారి రా మరదలా" అంది. ఆ పిలుపు ఆవిడ నోట నా పెళ్లిలో విన్నాను, మళ్లీ ఇవాళే. ఆటో దొరక్కపోతే పరుగెత్తుకుంటూ వచ్చేదాన్నేమో.

సంగతి ఇది. ఐదో తరగతి లెక్కలకి ఏదైనా ఒక సాఫ్ట్‌వేర్ కొని, బాగుంటే స్కూలంతా పెట్టాలని కమిటీ అనుకుంది. మూడు కంపెనీలు మూడు యాప్‌లు ఇచ్చాయి. ఏది మంచిదో తేల్చే పని మా లెక్కల మాస్టారికి అప్పజెప్పారు. ఆయన ఐదు నెలలపాటు మూడింటినీ మార్చి మార్చి పిల్లల చేత వాడించారు. కంపెనీలు పెట్టిన పేర్లు ఎవరికీ గుర్తులేవు, పిల్లలు పెట్టినవే నిలిచాయి. ఒకటి గోల. ఒప్పయితే పాట, తప్పయితే కోతి ఇకిలింపు. రెండోది పందెం. గడియారం పరుగెడుతుంటుంది, తప్పయితే గంట మోగుతుంది, చివర్లో ఎవరు ఎన్నో వాళ్లో తెర మీద పడుతుంది. మూడోది ఓపిక. చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. తప్పయితే "ఇంకోసారి చూద్దామా?" అంటుంది, ఒక చిన్న మెట్టు కిందికి దిగి మళ్లీ చెబుతుంది.

మాస్టారు ఓపికని ఎంచుకున్నారు. మూడు వారాల క్రితం పందెం కంపెనీ వాళ్లు ఫిర్యాదు పెట్టారు, మాస్టారు కావాలని లెక్కలు తారుమారు చేశారని. సాక్ష్యంగా ఒక మంగళవారం జరిగిన పందెం పరీక్షనీ, ముప్పై రెండో నంబరు టాబ్‌నీ చూపించారు. అది రుజువైతే ఆయన ఇవాళే ఇంటికి పోవాలి. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగం చివర్లో ఆ మాట ఒకటి మిగిలిపోతుంది.

ముందు మాస్టారితోనే మొదలుపెట్టాను. పన్నెండూ నలభై ఐదు నుంచి ఒంటిగంటా ఇరవై దాకా, అంటే భోజనం గంట మొత్తం, వదిన గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన క్యారేజీ విప్పి సగం నా వైపు తోశారు. వద్దన్నాను. "డిటెక్టివ్‌వి అయ్యావు కదాని ఆకలి వేయదా" అన్నారు. పిల్లలెంతమంది అని అడిగారు. ఇద్దరు అన్నాను. మా ఆయన ఆరోగ్యం, ఇంటి అద్దె, నా చేతిరాత ఇప్పటికైనా బాగుపడిందా అన్నదీ అడిగారు. ఫిర్యాదు గురించి మాత్రం నేనే అడగాల్సి వచ్చింది.

పందెం యాప్‌లో ఆ మంగళవారం పిల్లలకి ఏం చెప్పారని అడిగితే, "కొత్తగా ఏమీ చెప్పలేదు, రోజూ చెప్పేదే చెప్పాను" అన్నారు. ఓపికనే ఎందుకు ఎంచుకున్నారని అడిగాను. దానికి మాత్రం మనిషి నిటారుగా కూర్చున్నారు.

"ఒప్పు చేసినప్పుడు చప్పట్లు కొట్టడం దేనికైనా వచ్చే విద్యే. పిల్లాడు తప్పు చేసినప్పుడు ఏం చేస్తుందో చూడాలి. నేను చూసింది అదొక్కటే."

బాగానే ఉంది అనుకుని ముప్పై రెండో నంబరు టాబ్ మాట ఎత్తాను. ఆయన క్యారేజీ మూత పెట్టేశారు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, నా వైపు తిరిగి, "అవునూ, నీకు పిల్లలెంతమంది?" అన్నారు. మాట తప్పిస్తున్నారని నాకు ఒళ్లు మండింది. ఇద్దరని మళ్లీ చెప్పాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో గీసుకున్నారు.

బయటికి వచ్చేసరికి వరండాలో తొందరరావు నిలబడి ఉన్నాడు. అది వాడి అసలు పేరు కాదు. ప్రశ్నాపత్రం చేతిలో పూర్తిగా పడకముందే మొదటి లెక్క మొదలుపెట్టి, అక్కడే అరగంట ఇరుక్కుపోయేవాడని మాస్టారు పెట్టిన పేరు. నాకు పెట్టింది అనుమానం. అచ్చులో ఉన్న లెక్కని కూడా తప్పేమోనని అడిగేదాన్ని కాబట్టి. ఇద్దరం ఒకే గదిలో ఐదేళ్లు చదివాం. వాడు పోలీసుల్లో చేరి, మానేసి, ఇప్పుడు ఇంకో ఏజెన్సీలో ఉన్నాడు. ఉద్యోగం వదిలినా ఆ వెడల్పాటి బెల్టు వదల్లేదు. పందెం కంపెనీ తరఫు మనిషి వాడే.

"ఏం అనుమానం, జీతం తీసుకుని వచ్చావా, వదిన కోసం వచ్చావా?" అన్నాడు.

"భోజనం కోసం వచ్చాను. నీ ఫైలు ఇలా ఇవ్వు."

కమిటీ ఆజ్ఞ కాబట్టి ఒక నకలు ఇచ్చాడు. ఇస్తూ ఊరుకుంటే వాడు తొందరరావు ఎందుకవుతాడు, సారాంశం కూడా గడగడా అప్పజెప్పాడు. మంగళవారం పదీ ఐదుకి ముప్పై ఒక్క టాబ్‌లలో పందెం పరీక్ష తెరుచుకుంది. అందరికీ ఒకే ఇరవై ప్రశ్నలు, ఒకే వరుస. పదీ తొమ్మిదికల్లా అందరూ అన్ని ప్రశ్నలకీ "తర్వాత" నొక్కేసి సున్నాలు తెచ్చుకున్నారు. పదీ ముప్పై ఒకటికి అదే పరీక్ష మళ్లీ తెరిచారు. ఈసారి ఒక్కో జవాబుకి నాలుగు సెకన్లు, మహా అయితే ఐదు.

"నాలుగు సెకన్లలో భాగహారం చేసే పిల్లాణ్ణి ఒక్కణ్ణి చూపించు, నా బెల్టు నీకిచ్చేస్తా. ముందు సున్నాలు మా యాప్ పరువు తీయడానికి, తర్వాత ఒప్పులు దానికి కాపలా లేదని చూపించడానికి. రెండూ ఆయన చేయించినవే."

"ఇక ముప్పై రెండు?"

"క్లాసులో పిల్లలు ముప్పై ఒక్కరు. ముప్పై రెండో నంబరు పిల్ల మొదటి నెలలోనే ఊరు మారిపోయింది. కానీ ఆ పిల్ల పేరు మీద ఓపికలో రోజూ పరీక్ష జరుగుతూనే ఉంది. భోజనం గంటలో, పన్నెండూ యాభైకి. అప్పుడు గదికి తాళం. తాళంచెవి ఆయన దగ్గరే. మొదటి పేజీ చూడు, అన్నీ ఇరవైకి ఇరవై. లేని పిల్లతో క్లాసు సగటు పెంచుకున్నారు."

ఆయన మీద నీకు కొంచెమైనా జాలి లేదా అని అడిగాను. వాడు నేల చూపులు చూశాడు. తనకి నాలుగు లెక్కలు వచ్చాయంటే మాస్టారి దయేనని ఒప్పుకున్నాడు. "కానీ లెక్క లెక్కే. అదీ ఆయన చెప్పిందే" అని ఫోను మోగితే పక్కకి వెళ్లిపోయాడు. కోపం రావాల్సిన చోట నాకు వాడి మీద ముద్దొచ్చింది, ఏం చేస్తాం.

ఒంటిగంటన్నరకి ఐదో తరగతి గది ముందు నిలబడ్డాను. రెండు జడల క్లాస్ లీడర్ తన జామెట్రీ బాక్సు తెరిచి, వృత్తలేఖిని పక్కనుంచి తాళంచెవి తీసి, తలుపు తెరిచింది. ఆ అమ్మాయి కదలికలో తడబాటు లేదు. దాన్ని మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

వరండాలో ఉన్న ముప్పై ఒక్క మందీ లోపలికి వచ్చి బెంచీల దగ్గర నిలబడ్డారు. కూర్చోమన్నాను. మంగళవారం ఏం జరిగిందని అడిగితే ఒక్కరూ పెదవి విప్పలేదు. ఇంటి గుట్టు బయటపెట్టని కోడళ్లలా కూర్చున్నారు. వీళ్లతో మాటలు దండగనిపించింది. బీరువా తెరిపించి టాబ్‌లు పంచమన్నాను. పందెంలో కొత్త పరీక్ష ఒకటి తెరవమని చెప్పి, చేతులు కట్టుకుని వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఎవరూ ఒక్క జవాబూ ఇవ్వలేదు. వరసగా "తర్వాత", "తర్వాత" నొక్కుకుంటూ పోయారు. అయితే చేతులు ఊరికే లేవు. బెంచీకి నలుగురు. మొదటివాళ్లు ఒకటి నుంచి ఐదు దాకా ప్రశ్నలు రఫ్ నోట్‌బుక్‌లోకి ఎక్కించారు. రెండోవాళ్లు ఆరు నుంచి పది. అలా తలా ఐదు. నాలుగు నిమిషాలకి అందరూ యాప్ మూసేశారు. నోట్‌బుక్‌లు మధ్యలోకి జరిగాయి, ఎవరి లెక్కలు వాళ్లు సొంతంగా చేసుకోవడం మొదలైంది. గదిలో పెన్సిళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ యాప్ తెరిచి, నోట్‌బుక్‌లో ఉన్న జవాబులు చూసి ఎక్కించారు. నాలుగు సెకన్లు, మహా అయితే ఐదు.

ఎవరు చెప్పారు ఇలా చేయమని అని అడిగాను. లీడర్ లేచింది. ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూసింది.

"పరీక్ష పేపరు ముందు మొత్తం చదవాలి మేడం. చదివాకే కలం పట్టాలి. మాస్టారు రోజూ చెప్తారు. పందెంలో చదువుతున్నా గడియారం తిరుగుతుంది, అందుకని పంచుకున్నాం."

నాకు నవ్వొచ్చింది. ఆ ముక్క ఇదే మనిషి నోట వీళ్ల వయసులో వెయ్యిసార్లు విన్నాను. రోజూ చెప్పేదే చెప్పాను అని ఆయన అన్నది అక్షరాలా నిజం. కాగితం పరీక్షకి చెప్పిన బుద్ధిని పిల్లలు తెర మీద పరీక్షకి పెట్టారు. యాప్ దాన్ని మోసం అనుకుంది.

చివరి బెంచీ దగ్గర ఆగాను. అక్కడ ముగ్గురే. నాలుగో చోటు ఖాళీ. పదహారు నుంచి ఇరవై దాకా ప్రశ్నలు వాళ్ల నోట్‌బుక్‌లలో లేవు. ఫైలు తిప్పాను. మంగళవారం కూడా సరిగ్గా మూడంటే మూడు టాబ్‌లలో, సరిగ్గా ఆ చివరి ఐదు ప్రశ్నలకే, నిమిషానికి పైగా పట్టింది. ఫైలు అందుకున్నప్పటి నుంచి నన్ను తొలుస్తున్న తేడా అది. ఒక్క మనిషి చేయించిన మోసమైతే ఆ ముగ్గురి దగ్గర, ఆ ఐదింటి దగ్గరే ఎందుకు నత్తనడక నడుస్తుంది?

ఆ ఐదూ ఎందుకు రాసుకోలేదని అడిగాను. అవి తనవి, అన్నాడు ఒకడు ఖాళీ చోటు చూపించి. తను ఊరు మారిపోయింది కదా అన్నాను.

"వస్తే చోటుండాలి కదా మేడం."

రెండుంబావుకి వాళ్లని ఆటలకి పంపి గది వెతికాను. నల్లబల్ల మూల చిన్న అక్షరాలతో, పిల్లల చేతిరాతలో, "నిన్న దశాంశాలు అయ్యాయి. ఇవాళ దశాంశాల గుణకారం. హోంవర్కు చూశారు" అని ఉంది. మాస్టారి బల్ల సొరుగులో ఒక అట్ట. దాని మీద బెంచీల పటం, ప్రతి చోటులో ఒక పేరు, పేరు పక్కన గుర్తుకి బొమ్మ: కళ్లజోడు, రెండు జడలు, ఊడిన పన్ను. అది కూడా పిల్లలు గీసిందే. ముప్పై నాలుగేళ్లుగా హాజరుపట్టీ చూడకుండా పేర్లు పిలిచిన మనిషికి ఈ పటం ఎందుకు?

బీరువాలో ముప్పై రెండో టాబ్ తీశాను. అంచుల వెంట తెల్లటి సుద్దపొడి ఉంది. మిగతా వేటికీ లేదు. రోజంతా సుద్దముక్క పట్టే చేయి ఆ గదిలో ఒక్కటే. తెరవబోతే ఆ పిల్లకిచ్చిన రహస్య బొమ్మ ఏదో నొక్కమంది, నాకు తెలియదు. అందుకని ఫైలులో దాని చిట్టా తీసి చదివాను. మూడు పేజీలు, ఫిర్యాదు పెట్టిన రోజు దాకా. తొందరరావు చెప్పినట్టే మొదటి పేజీ నిండా ఇరవైలు. రెండో పేజీలో పద్దెనిమిది, పదిహేడు, పదిహేడు. మూడో పేజీలో పదిహేను, పదమూడు, చివరికి పదకొండు.

నేను చిన్న కుర్చీలో కూర్చుండిపోయాను. భోజనం దగ్గర నాకు వచ్చిన కోపం గుర్తొచ్చి సిగ్గేసింది.

మూడూ పదికి మాస్టారు వచ్చారు. టాబ్ ఆయన ముందు పెట్టి దాని గురించి ఏమీ అనలేదు. ఒక్కటే అడిగాను.

"మాస్టారూ, నాకు పిల్లలెంతమంది?"

ఆయన నా ముఖం చూశారు. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివారు.

"ఇద్దరు. రాసుకున్నాను."

ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు. నిరుడు ఎండాకాలం నుంచి అనుమానంగా ఉందట. ఇంటి దారి, పాలవాడి పేరు మరిచిపోవడం, చెప్పిన పాఠమే మళ్లీ చెప్పడం. ఎవరినైనా అడుగుదామంటే మనుషులు మొహమాటపడతారు, మీకేమిటండీ అంటారు. అందుకని రోజూ భోజనం గంటలో తలుపేసుకుని ఐదో తరగతి లెక్కలు తనకి తనే పరీక్ష పెట్టుకున్నారు. ఒక పేరు కావాలి కాబట్టి ఖాళీగా ఉన్న పేరు వాడుకున్నారు. ఆ మార్కులు సగటులో కలుస్తాయన్న ఆలోచనే రాలేదట.

"గోలలో ఒక వారం చేశాను. కోతి ఇకిలించింది. పందెంలో గంట మోగితే చేతులు వణికాయి. ఇది మాత్రం ఇంకోసారి చూద్దామా అంది. వెనక బెంచీ పిల్లాడికి ఎలా ఉంటుందో నాకు ఈ వయసులో తెలిసింది. ముప్పై నాలుగేళ్లు నేను కోతినా, గంటనా అని భయమేసిందే."

మీరు రెండూ కాదు అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. రేపు ఉదయం తొమ్మిదింటికి పెద్ద డాక్టరు దగ్గరికి కూతురు సమయం తీసుకుందట, రెండు నెలలు ఎదురుచూస్తే దొరికిందట. వెళ్తారా అంటే చూద్దాం అన్నారు. ముప్పై రెండు గురించి అడిగితే మాత్రం కమిటీలో నోరు విప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. అలాగైతే మిమ్మల్ని దొంగ అంటారు అన్నాను. అననీ అన్నారు. మతిపోయిన ముసలాడు ఎంచిన యాప్ అంటే దాన్ని ఎవరూ ఉంచరు, పిల్లల నెత్తిన పందెం పెడతారు, అదీ ఆయన బెంగ. అంత బెంగలోనూ తన సంగతి చివర్లో కూడా రాలేదు.

నాలుగింటికి కమిటీ కూర్చుంది. కమిటీకి అధ్యక్షుడైన పెద్దాయన, మరో ముగ్గురు, మా వదిన, ఒక చివర నేను, ఇంకో చివర తొందరరావు. నేను రఫ్ నోట్‌బుక్‌లు బల్ల మీద పరిచాను. మంగళవారం లెక్కల్లో, నోట్‌బుక్‌లో పొరపాటున డెబ్బై ఎనిమిది వేసిన పిల్లాడి టాబ్‌లోనూ డెబ్బై ఎనిమిదే ఉంది. ఎవరి తప్పులు వాళ్లవే, ఒకరు అందించిన జవాబులు కావు. చివరి బెంచీ ఐదు ప్రశ్నల సంగతి చెప్పాను. క్లాస్ లీడర్ మాట చెప్పాను. పరీక్ష పేపరు ముందు మొత్తం అని నేను మొదలుపెట్టగానే, "చదవాలి, చదివాకే కలం పట్టాలి" అని తొందరరావు నోట దానంతట అదే వచ్చేసింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, పందెం సంగతి వదిలేస్తున్నా. ముప్పై రెండు ఎవరు? అది చెప్పు" అన్నాడు.

పెద్దాయన నా వైపు చూశారు, వదిన చూసింది. మాటిచ్చాను, ఏం చెప్పను? మూడు పేజీలు తీసి బల్ల మీదుగా వాడి ముందుకి తోశాను.

"నువ్వు చదివింది ఒక పేజీ. అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. జీవితంలో ఒక్కసారి పేపరు మొత్తం చదువు."

కొట్లాడతాడనుకున్నాను. కానీ కళ్లజోడు పెట్టుకున్నాడు. గోడ గడియారం ప్రకారం నాలుగు నిమిషాలు చదివాడు. మూడో పేజీ దగ్గర వాడి వేలు ఒక్కో అంకె మీద ఆగుతూ వెళ్లింది. చివరి పదకొండు దగ్గర ఆగిపోయింది. వాడు తలెత్తి నన్ను చూశాడు. వాడికీ మాస్టారు పొద్దున ఏదో రెండుసార్లు అడిగి ఉంటారని నాకు అర్థమైంది.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం. దొంగ మార్కులు వేసుకునేవాళ్లు ఇరవై నుంచి పదకొండుకి దిగరు. ఇవి ఎవరో నిజాయితీగా కష్టపడి చేసిన లెక్కలు" అన్నాడు.

ఎవరు చేశారని పెద్దాయన అడిగారు. సాఫ్ట్‌వేర్ ఎంపికకి దానితో సంబంధం లేదని, సగటులోంచి ఆ ఒక్క పేరూ తీసేసినా ఓపికే ముందుంటుందని, ఇప్పుడే లెక్కకట్టానని చెప్పి బెల్టు సర్దుకున్నాడు. తనని పెట్టుకున్న కంపెనీ కేసు సొంత నోటితో ఓడిపోయిన డిటెక్టివ్‌ని నేను అదే మొదటిసారి చూడటం. వదిన కాగితాల మీద సంతకం చేసింది. లేస్తూ నా భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఉంచింది. ఆవిడకి ఎంత తెలుసో నేను అడగలేదు.

వరండాలో తొందరరావు నా పక్కన నడిచాడు. డాక్టరుకి చూపించాలి కదా, ఎప్పుడు అని అడిగాడు. వాడికి నేను డాక్టరు మాట చెప్పనేలేదు, అయినా అడిగాడు. రేపు తొమ్మిదింటికి అన్నాను. కారు తెస్తానని చెప్పి, ముక్కు చీదుకుంటూ మెట్లు దిగిపోయాడు.

నాలుగూ నలభైకి శుభవార్త చెబుదామని ఐదో తరగతి గదికి వెళ్లాను. మాస్టారు ముప్పై రెండో టాబ్ తెరిచి పెట్టుకుని చివరి బెంచీ మీద కూర్చున్నారు. ముఖం వెలిగిపోతోంది. నేను చెప్పింది విని తల ఊపారు, కానీ ఆయన దగ్గర అంతకంటే పెద్ద శుభవార్త ఉంది.

"ఇది చూడు. ఈ మూడు వారాలు నేను మార్కులు చూసుకోలేదు, భయమేసి. చేసేసి మూసేసేవాణ్ణి. ఇప్పుడు ధైర్యం చేసి తెరిచాను. బాగవుతోందే. రేపు ఆ డాక్టరు దగ్గరికి వద్దని అమ్మాయికి ఫోన్ చేద్దామనుకుంటున్నా."

చూశాను. పదకొండు తర్వాత పన్నెండు, పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది. రోజుకి ఎన్నిసార్లు చేసినా చివరిసారిది మాత్రమే నిలుస్తుంది ఓపికలో. ఆ చివరిసారి సమయం మూడు వారాలుగా ఒంటిగంటా పద్దెనిమిది, ఒంటిగంటా పంతొమ్మిది. ఆయన గది వదిలాక, గంట కొట్టేలోపు. ఇవాళ్టి వరస అన్నిటికంటే పైన ఉంది. పన్నెండూ యాభై రెండు. ఇరవైకి ఇరవై. ఒక్కో జవాబుకి నాలుగు సెకన్లు.

"ఇవాళ చేసినట్టు గుర్తే లేదు," అన్నారు ఆయన నవ్వుతూ, "కానీ చేశానన్నమాట."

పన్నెండూ యాభై రెండుకి ఆయన నా ఎదురుగా కూర్చుని, నా వైపు క్యారేజీ తోస్తున్నారు.

తలుపు దగ్గర చప్పుడైంది. గదికి తాళం వేయడానికి రెండు జడల లీడర్ నిలబడి ఉంది. జామెట్రీ బాక్సు రెండు చేతులతో గుండెకి హత్తుకుంది. దాని వెనక ఇంకో నాలుగైదు తలలు. మాస్టారిని పంపించేస్తారని మూడు వారాల క్రితం విని, తమకి తోచిన సాయం చేసిన తలలు. ఆయనకి నిజం చెప్పే ఒకే ఒక్క వస్తువుని వాళ్లు ప్రేమతో అబద్ధాలకోరుని చేసేశారు. లీడర్ నన్నే చూస్తూ, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏమిటలా ఉన్నావు," అన్నారు మాస్టారు. "నీకు అనుమానం అని ఊరికే పేరు పెట్టలేదు నేను. ఏదైనా ఉంటే చెప్పు. నాకు చెప్పేవాళ్లు ఎవరున్నారు?"

నేను లీడర్ వైపు తిరిగి తాళం వేయొద్దమ్మా, లోపలికి రండి అన్నాను. వాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి చివరి బెంచీ దగ్గర నిలబడ్డారు. మాస్టారి పక్కన, ఆ ఖాళీ చోట్లో నేను కూర్చున్నాను. టాబ్‌లో కొత్త పరీక్ష తెరిచి ఆయన చేతికిచ్చాను. 

"మాస్టారూ, ఇంకోసారి చూద్దామా?"